పెనుకొండ చరిత్రకారుడు ఫాదర్ హేరాస్

బెంగుళూరు నుండి గుంతకల్లు వైపు పోయే రైలు మార్గంలో హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఒకదాని వెంట ఒకటి వస్తాయి. 2022లో ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలోనికి ఈ మూడూళ్లూ చేరినవి. హిందూపురంలో దిగిన యాత్రికుడు లేపాక్షి వీరభద్రాలయం చూడబోతాడు. ధర్మవరంలో దిగినవాడు పట్టుచీరల అంగళ్లకు పోతాడు. నడుమనున్న పెనుకొండలో పనిగట్టుకొని దిగేవారు తక్కువ. దిగినవారు సైతం గగనమహలును, కోట గోడలను, బాబయ్య దర్గాను, పార్శ్వనాథాలయాన్ని చూచి, శ్రీకృష్ణదేవరాయలను ఒకసారి తలచుకొని తిరుగు రైలు ఎక్కుతారు. కృష్ణరాయలు గతించిన తరువాత సగం శతాబ్దానికి ఈ కొండ దిగువన ఏమి జరిగినదో తెలిసినవారు అరుదు.

దానికి కారణం లేకపోలేదు. బడిపుస్తకాలలో విజయనగర కథ 1565 జనవరిలో, రాక్షసి తంగడి యుద్ధంతో ముగిసిపోతుంది. అళియ రామరాయల శిరస్సు తెగిపడుతుంది, హంపీ తగలబడుతుంది, తెర దిగుతుంది. రాబర్టు స్యూయల్ 1900లో ప్రకటించిన సుప్రసిద్ధ గ్రంథం కూడ ఆ యుద్ధం తరువాతి కాలాన్ని కొద్ది పుటలలో దాటివేసినది. రాజ్యం అంతటితో ముగియలేదనీ, అది పెనుకొండకు, అటుపిమ్మట చంద్రగిరికి, వేలూరికి తరలి మరికొన్ని తరాలు బ్రతికినదనీ ఒక పెద్ద గ్రంథమంతటా నిరూపించినవాడు తెలుగువాడు కాడు, భారతదేశంలో పుట్టినవాడూ కాడు. ఆయన స్పెయిన్ దేశస్థుడు, కేథలిక్ సన్న్యాసి. పేరు హెన్రీ హేరాస్.

హేరాస్ 1888 సెప్టెంబరు 11న బార్సిలోనా నగరంలో జన్మించినారు. యౌవనంలోనే యేసుసభలో చేరినారు. ఈ సభ 1540లో పోపు ఆమోదంతో స్థాపితమైనది. పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత అనే మూడు వ్రతాలతో పాటు, సభ ఏ దేశానికి పంపితే ఆ దేశానికి పోవడం వారి నియమం. చదువు చెప్పడం వారి ప్రధాన వృత్తి. ఆ సభలో చేరినవాడు వేదాంత శాస్త్రాన్ని ఏళ్ల తరబడి అభ్యసించిన తరువాత గాని గురుపట్టం పొందడు. హేరాస్‌కు అబ్బిన లాటిను, స్పానిషు మొదలైన భాషలు తరువాత ఆయన చేతిలో చరిత్రకు పనిముట్లయినవి.

ఆయన బొంబాయికి రావడానికి మొదటి ప్రపంచ యుద్ధం కారణం. అక్కడి సెయింట్ జేవియర్ కళాశాలను 1869లో జర్మను జెస్యూట్లు స్థాపించినారు. యుద్ధకాలంలో ఆంగ్ల ప్రభుత్వం జర్మనులను శత్రుదేశీయులుగా పరిగణించినది. వారు ఖాళీచేసిన స్థానాలను నింపడానికి స్పెయిన్ జెస్యూట్లు వచ్చినారు. 1922లో, ముప్పదినాలుగేళ్ల వయస్సులో, హేరాస్ ఆ కళాశాలలో చరిత్రోపన్యాసకులైనారు. ఏ దేశచరిత్ర బోధిస్తారని పెద్దలు అడుగగా, తనకు బొత్తిగా తెలియని భారతదేశ చరిత్రనే ఎంచుకొన్నారని ఒక కథ చెప్పుకొంటారు. కథ మాట ఎట్లున్నా, ఆయన ఆ విషయంలో అక్షరాభ్యాసంతో మొదలుపెట్టిన మాట నిజం. ఐదేండ్లు తిరగక ముందే ఆరువందల పుటలకు తక్కువ కాని గ్రంథం అచ్చువేసినారు. ఉపాధ్యాయులకు ఇది కొంత ధైర్యమిచ్చే సంగతి.

ఆ ఐదేండ్లలోనే ఆయన మరి రెండు పనులు చేసినారు. 1926లో కళాశాలలో భారత చరిత్ర పరిశోధక సంస్థను నెలకొల్పినారు. గ్రంథాలు, నాణేలు, శిల్పాలు, పాత పత్రాలు అందులో చేరుతూ వచ్చినవి. అదే సంవత్సరం విద్యార్థుల కోసం చరిత్ర రచనా పద్ధతిని గురించి ఒక చిన్న పుస్తకం వ్రాసినారు. సాక్ష్యాలను ఎక్కడ వెదకాలి, ఎట్లా పరీక్షించాలి, ఒకరి మాటకు మరొకరి మాటను ఎట్లా ఒరిపిడి పెట్టాలి అన్నవి అందులోని విషయాలు. మన కళాశాలలలో చరిత్రను రాజుల వరుసగా వల్లెవేయించే రోజులలో, దానిని చేతిపనిగా నేర్పదలచిన ఉపాధ్యాయుడు ఆయన. కదంబుల చరిత్ర వ్రాసిన జార్జి మొరాయిస్ ఆయన శిష్యుడే.

1927లో మద్రాసులో అచ్చయిన ఆరవీటి వంశ చరిత్ర ప్రథమ సంపుటమే ఆయన కీర్తికి మూలం. పెనుకొండ ఆ గ్రంథానికి ప్రథమ రంగస్థలం.

యుద్ధభూమిలో రామరాయలు, ఆయన తమ్ముడు వేంకటాద్రి నేలకూలగా, మరొక తమ్ముడు తిరుమలరాయలు మిగిలినాడు. పేరుకు రాజైన సదాశివరాయలను, రాజ్యకోశాన్ని తీసికొని ఆయన దక్షిణానికి తరలినాడు. తరువాత హంపీని మరల నిలబెట్టే ప్రయత్నం జరిగినది గాని సాగలేదు. 1567లో హంపీలో ఉన్న వెనీసు వర్తకుడు సీజర్ ఫెడరిచి, రాజు ఆ యేడే కొలువును పెనుకొండకు మార్చినట్లూ, అది విజయనగరానికి ఎనిమిది రోజుల ప్రయాణమైనట్లూ వ్రాసిపెట్టినాడు. ఆ తరువాత తిరుమలరాయలు స్వయంగా పట్టాభిషిక్తుడైనాడు. పెద్ద కుమారుడు శ్రీరంగరాయలు పెనుకొండలో ఉండి తెలుగు సీమను, రాముడు శ్రీరంగపట్టణం నుండి కన్నడ సీమను, వేంకటపతి చంద్రగిరి నుండి తమిళ సీమను చూచుకొనే ఏర్పాటు జరిగినది.

తెలుగు విద్యార్థికి ఈ తిరుమలరాయలు పరాయివాడు కాడు. రామరాజభూషణుడు వసుచరిత్రను అంకితమిచ్చినది ఈయనకే. శ్లేషలకు, సంగీతమాధుర్యానికి పేరుపొందిన ఆ కావ్యం ఓడిపోయిన రాజ్యంలో, క్రొత్తగా కట్టుకొంటున్న కొలువులో వెలసినదని గుర్తుంచుకొని చదివేవారెందరు? రాజధాని కాలిపోయినా ప్రబంధం ఆగలేదు. చరిత్రకారుడు కూడ ఈ కావ్యాల కృత్యాదులను విడువరాదు. రాజుల వంశావళి, బిరుదాలు, గెలిచిన యుద్ధాలు అక్కడనే ఉంటాయి. హేరాస్‌కు తెలుగులో స్వయంగా కావ్యం చదివే శక్తి లేదు. ఎస్. కృష్ణస్వామి అయ్యంగారు 1919లో విజయనగర చరిత్రాధారాలను ఏర్చి కూర్చిన సంకలనం ఆయనకు ఆ కొరత కొంత తీర్చినది. వసుచరిత్ర, రామరాజీయం వంటి గ్రంథాల భాగాలు ఆ త్రోవన ఆయన చరిత్రలోనికి వచ్చినవి.

పెనుకొండ ఆ కాలంలో సుఖంగా లేదు. 1576లో బిజాపురపు అలీ ఆదిల్షా కోటను మూడు మాసాలు ముట్టడించినాడు. శ్రీరంగరాయలు గోలకొండ సాయం సంపాదించి ఆ గండం గడిపినాడు. 1589 ప్రాంతంలో గోలకొండ సుల్తాను మహమ్మదు కులీయే దండెత్తి వచ్చినాడు. అప్పటికి వేంకటపతి రాయలు సింహాసనంపై ఉన్నాడు. సంధిమాటలతో కొంత వ్యవధి సంపాదించి, ఆ వ్యవధిలో కోటలోనికి దినుసులు, సేనలు చేర్చుకొని, సుల్తాను తెలిసికొనేసరికి ఎదురు నిలిచినాడు. జగదేవరాయలు ఆ రక్షణలో పేరుపొందినాడు. వానకాలం సమీపించగా ముట్టడి ఎత్తివేయక తప్పలేదు. నిన్నటి శత్రువు నేటి మిత్రుడై, మరునాడు మరల శత్రువయ్యే ఈ రాజకీయాన్ని మతయుద్ధంగా మాత్రమే చెప్పబూనినవారికి పెనుకొండ చరిత్ర లొంగదు. ఈ సంగతులకు పారసీక చరిత్రకారులు ఒకవైపు సాక్ష్యం, శాసనాలు, కావ్యాలు మరొకవైపు సాక్ష్యం. ఇరువురూ తమ రాజే గెలిచినాడంటారు. రెండు పక్షాలనూ ఎదురెదురుగా కూర్చుండబెట్టి విచారించడం హేరాస్ పద్ధతి.

మూడవ సాక్షి ఒకడున్నాడు. అతనిని తెచ్చినది హేరాసే. 1592 ప్రాంతంలో వేంకటపతి రాయలు కొలువును పెనుకొండ నుండి చంద్రగిరికి మార్చుకొన్నాడు. 1598లో మైలాపురం నుండి సైమన్ ద సా అనే జెస్యూటు ఆ కొలువుకు వచ్చినాడు. రాజు మామ ఓబరాయలు వారికి ఆదరువైనాడు. తరువాత ఫ్రాన్సిస్కో రిచ్చి, మాన్యువల్ ద వేగ మొదలైనవారు చంద్రగిరిలో కాపురమున్నారు. రిచ్చి తెలుగు నేర్చినాడు. ఆ ఉత్తరాలలో తెలుగుకు బడగ భాష అని పేరు. ఉత్తరదేశపు వారిని అరవంలో వడుగులనడం మనకు తెలిసినదే. ఆ మాటే పాశ్చాత్యుల కలంలో అట్లా మారినది. ఈ గురువులు ఏటేటా గోవాకు, రోముకు పంపిన లేఖలు పోర్చుగీసు, లాటిను, ఇటాలియను భాషలలో ఉన్నవి. అంతకుముందు మన పండితులకు వాటిని చదివే అవకాశం మిక్కిలి తక్కువ. హేరాస్ వాటి తాళం తీసినారు.

ఇక్కడనే ఆయన ముందు ఒక చిక్కు నిలిచినది. ఆ లేఖలు వ్రాసినవారు తన సభవారే. వాటి ఉద్దేశం చరిత్ర చెప్పడం కాదు. యూరపులోని భక్తులకు ఉత్సాహం కలిగించడం, సాయం కోరడం. అందుచేత రాజు నేడో రేపో క్రైస్తవం పుచ్చుకొంటాడన్న ఆశ వాటి నిండా ఉంటుంది. వేంకటపతి రాయలకు చిత్రకళపై అభిరుచి మెండు. చిత్రకారులైన జెస్యూట్లను కొలువులో ఉంచుకొన్నాడు. వారిలో బార్తొలొమియో ఫాంతెబోనా అనే ఇటలీవాడు వేలూరికి వచ్చి, రాజు చూస్తుండగా బొమ్మలు వ్రాసినాడు. క్రీస్తు జీవితపు చిత్రాలను చూచి రాజు ప్రశ్నలడిగేవాడు. కొలువులోని పండితులతో దేవుడొక్కడా పలువురా అన్న వాదాలు జరిగేవి. ఇవన్నీ చూచిన గురువులకు ఆశ పుట్టడం సహజం. కాని అదే రాజు వేయించిన వరాహాలపై శ్రీవేంకటేశ్వరునికి నమస్కారం చెక్కి ఉన్నది. అదే రాజు గురువు తాతాచార్యులు. పటాన్ని ప్రేమించినవాడు మతాన్ని మార్చుకొన్నట్లు కాదు. హేరాస్ గ్రంథంలో ఈ రెండు సాక్ష్యాలూ ఉన్నవి. తన సభవారి లేఖలను అధికంగా ప్రేమించినారనీ, జెస్యూట్ల కథకు ఒక రాజవంశ చరిత్రలో ఉండవలసినదాని కంటె ఎక్కువ చోటిచ్చినారనీ అనడం తప్పు కాదు. అయినా రాజు వైష్ణవుడుగానే ఉండిపోయినాడన్న సంగతిని ఆయన మరుగుపరచలేదు.

లేపాక్షి మండపం పైకప్పున విజయనగర చిత్రకారులు వ్రాసిన చిత్రాలు, వేలూరి కొలువులో ఇటలీ చిత్రకారుడు వ్రాసిన చిత్రాలు, వీటి నడుమ దాదాపు మూడు పాతికల సంవత్సరాల ఎడమున్నది. లేపాక్షివి నిలిచినవి. వేలూరివి నిలువలేదు. నిలిచి ఉంటే దక్షిణదేశపు చిత్రకళ చరిత్రలో ఒక క్రొత్త ప్రకరణం ఉండేది.

చిత్రం మాట వచ్చినది కనుక దాని వెనుకనున్న వేదాంత సమస్యను కూడ చెప్పుకోవాలి. ఒక జాతి వేషం, భాష, బొట్టు, జుట్టు, పండుగ, ఇవి మతమా, మర్యాదా? 1606లో మధురకు వచ్చిన రాబర్ట్ ద నొబిలి ఇవి మర్యాదలేనన్నాడు. కాషాయం కట్టి, మాంసం మాని, సంస్కృతం చదివి, తెలుగు తమిళాలు నేర్చి, సన్న్యాసిగా జీవించినాడు. తోటి గురువులే ఆయనపై ఫిర్యాదు చేసినారు. 1623లో పోపు పదునైదవ గ్రెగరీ ఆయన పద్ధతికి షరతులతో అనుమతి ఇచ్చినాడు. తరువాత ఫ్రెంచి జెస్యూట్లు అదే వేషంతో పదునెనిమిదవ శతాబ్దంలో రాయలసీమకు ఎక్కి వచ్చినారు. కృష్ణాపురం, ధర్మవరం పేర్లు వారి ఉత్తరాలలో కనబడతాయి. ఆ కర్ణాటక మిషనుకు చెందిన గాస్తాన్ కూర్దూ తెలుగు నేర్చి, నిఘంటువు కూర్చి, మన దేశపు అద్దకపు బట్టల రంగుల రహస్యాలను 1742లో ఫ్రాన్సుకు వ్రాసి పంపినాడు. సంస్కృతానికి గ్రీకు, లాటినులతో గల చుట్టరికాన్ని విలియం జోన్సు కంటె ముందే గుర్తించినవాడు కూడ ఇతడే. కాని వివాదం ఆగలేదు. 1744లో పోపు పదునాలుగవ బెనెడిక్టు ఆ ఆచారాలలో పెక్కింటిని నిషేధించినాడు. నాటి నుండి ఈ దేశానికి వచ్చే మిషనరీలు ఆ ఆజ్ఞను పాటిస్తామని ప్రమాణం చేయవలసి ఉండేది. ఆ ప్రమాణం రద్దయినది 1940లో.

అనగా హేరాస్ ఈ దేశంలో పనిచేసిన మొదటి పదునెనిమిదేళ్లు ఆ నిషేధపు నీడలోనే గడిచినవి. ఈ సంగతి తెలిస్తే గాని ఆయన చేసిన మరొక పని విలువ తెలియదు. భారతీయ శిల్ప చిత్ర సంప్రదాయంలోనే క్రైస్తవ కళ పెరగాలని ఆయన పట్టుబట్టినారు. గోవాలోను, ఇతర చోట్లను భారతీయ శిల్పులు చెక్కిన క్రైస్తవ దంతపు బొమ్మలను సేకరించి తన సంస్థ ప్రదర్శనశాలలో ఉంచినారు. శాంతినికేతనంలో చదివిన గోవా చిత్రకారుడు ఆంజెలో ద ఫొన్సెకాకు ప్రోత్సాహమిచ్చినారు. చీర కట్టిన మరియమ్మను వ్రాసినందుకు సొంత సమాజంలోనే ఆక్షేపణ పొందిన చిత్రకారుడాయన. గోపురాన్ని, దీపస్తంభాన్ని, పద్మాన్ని క్రైస్తవుడు తనవిగా భావించవచ్చునా అన్న ప్రశ్నకు 1960లలో జరిగిన రెండవ వాటికన్ మహాసభ తరువాత కేథలిక్ సంఘంలో దారి సుగమమైనది. హేరాస్ అప్పటికి లేరు.

ఆయనకు పేరుతో పాటు తగవు తెచ్చిపెట్టినది 1929లో వెలువడిన విజయనగర ప్రారంభ చరిత్ర. విద్యారణ్యస్వామి హరిహర బుక్కలకు ఆశీర్వాదమిచ్చి నగరం నిర్మింపజేసినాడన్న కథ ఆబాలగోపాలం ఎరిగినదే. ఆ కథ తొలి శాసనాలలో కానరాదనీ, అది తరువాతి కాలంలో శృంగేరి మఠంవారు కల్పించినదనీ హేరాస్ వాదించినారు. నగరానికి హొయసల బల్లాళరాజులతోనే సంబంధం కలిపి, హరిహర బుక్కలను కన్నడ సీమవారుగా నిర్ణయించినారు. ఒక క్రైస్తవ సన్న్యాసి ఒక హిందూ సన్న్యాసి కీర్తిని త్రోసిపుచ్చడం వినడానికి ఎట్లా ఉంటుందో ఊహించవచ్చు. కాని ఆయన వాదం మతం మీద నిలిచినది కాదు, శాసనాల తారీఖుల మీద నిలిచినది. అందుచేత దానికి జవాబు కూడ శాసనాలతోనే చెప్పవలసి వచ్చినది. 1933లో నేలటూరి వేంకటరమణయ్యగారు చెప్పినారు. హరిహర బుక్కలు ఓరుగల్లు కాకతీయుల కొలువు నుండి వచ్చినవారని ఆధారాలు చూపినారు. ఆ వివాదం నేటికీ పూర్తిగా తేలలేదు. విద్యారణ్యుని కథ పుట్టుక విషయంలో హేరాస్ లేవనెత్తిన సందేహాన్ని మాత్రం తరువాతి పరిశోధకులు తేలికగా త్రోసివేయలేకపోయినారు.

హేరాస్ న్యాయమూర్తి పీఠం దిగి వకీలుగా మారిన సందర్భం కూడ ఒకటి కలదు. 1933లో భారతదేశంలో జెస్యూట్ల మతాంతరీకరణ విధానాన్ని గురించి ఆయన ఒక గ్రంథం ప్రకటించినారు. తమ సభ బలాత్కారం చేసినదన్న ఆరోపణకు అది సమాధానం. పెనుకొండ ముట్టడి విషయంలో ఇరుపక్షాలనూ నిలదీసిన కలం ఇక్కడ ఒక పక్షానికి దగ్గరగా జరిగినది. గోవాలో పోర్చుగీసు అధికారం మతానికి ఎట్లా తోడైనదో తెలిసిన పాఠకునికి ఈ గ్రంథం తృప్తినివ్వదు. పరాయి రాజ్యం చరిత్రను నిర్మమంగా వ్రాయడం కంటె సొంత ఇంటి చరిత్రను అట్లా వ్రాయడం కష్టమైన పని.

ఇంతలో సింధునది లోయ ఆయనను పిలిచినది. మొహెంజొదారో త్రవ్వకాలపై మార్షల్ మహాగ్రంథం 1931లో వెలువడినది. ముద్రలపై ఉన్న లిపి ఎవరికీ బోధపడలేదు. హేరాస్ దానిని ప్రాచీన ద్రావిడ భాషగా చదువవచ్చునని నమ్మి, శేష జీవితంలో ఎక్కువ భాగం దానికే అర్పించినారు. చేప గుర్తును గురించిన ఆయన ఊహ అందమైనది. తమిళ కన్నడాలలో మీన్ అంటే చేప, నక్షత్రం కూడ. కనుక ముద్రపై చేపను చెక్కినవాడు ఆకాశంలోని చుక్కను ఉద్దేశించి ఉండవచ్చు. మన తెలుగులో మీను చేపకే మిగిలినది. మిన్ను మాత్రం ఆకాశాన్ని పట్టుకొని ఉన్నది. ఫిన్లాండు పండితుడు అస్కో పర్పోలా తరువాత ఈ ఊహనే ఆధారం చేసికొని విస్తరించినాడు.

అయితే హేరాస్ అక్కడ ఆగలేదు. ముద్ర తరువాత ముద్ర చదివి, వాక్యాలు, కవిత్వం, రాజుల పేర్లు, ఊళ్ల పేర్లు బయటకు తీసినారు. ఆణ్ అనే ఏకైక పరమేశ్వరుని సింధు ప్రజలు కొలిచినారనీ, శివుని మూలం అక్కడ ఉన్నదనీ తేల్చినారు. ఆ ప్రజల సంతతి మధ్యధరా తీరాల వరకు వ్యాపించినదన్నారు. 1953లో ఈ సిద్ధాంతమంతా ఒక బృహత్సంపుటంగా వచ్చినది. పండితులు దీనిని ఒప్పుకోలేదు. ఆ లిపిని నేటి వరకు ఎవరూ చదివి ఒప్పించలేకపోయినారు. ఆదిలో మానవజాతి అంతా ఒక్క దేవునే ఎరిగి ఉండెననే నమ్మకం నాటి కేథలిక్ పండితులలో కొందరికి బలంగా ఉండేది. సింధు ముద్రలలో హేరాస్‌కు కనబడిన ఏకేశ్వరుడు ఆ నమ్మకానికి మరీ సరిగా సరిపోవడం చూస్తే అనుమానం కలుగక మానదు. ఒక్క సాక్షి మాట నమ్మరాదని విద్యార్థులకు నేర్పిన ఉపాధ్యాయుడు, ఇక్కడ ఏ సాక్షీ లేని చోట తన ఊహనే సాక్షిగా నిలిపినారు. అయినా ద్రావిడ భాషలకు అంతటి ప్రాచీన గౌరవం ఉండవచ్చునని ఆ రోజులలో వాదించిన పాశ్చాత్యులు మిక్కిలి తక్కువమంది. దక్షిణాది భాషల విద్యార్థి ఆ సాహసాన్ని విస్మరింపరాదు.

1955 డిసెంబరు 14న హేరాస్ బొంబాయిలో పరమపదించినారు. ఆయన స్థాపించిన సంస్థకు ఆయన పేరే పెట్టినారు. 1981లో భారత తంతితపాలా శాఖ ఆయన బొమ్మతో తపాలా బిళ్ల వెలువరించినది. ఆయన చనిపోవడానికి మూడేళ్ల ముందు అదే బార్సిలోనా నుండి, అదే యేసుసభ నుండి మరొక యువకుడు బొంబాయిలో దిగినాడు. అతని పేరు విన్సెంట్ ఫెర్రర్. 1969లో అనంతపురం చేరి, తరువాత సభను విడిచి, 2009లో మరణించే వరకు ఆ కరవు సీమలోనే పనిచేసినవాడు అతడే. పెనుకొండ ప్రాంతంలో నేడు స్పెయినువాడంటే జనానికి ఫెర్రర్ గుర్తుకు వస్తాడు. హేరాస్ పేరు చెబితే గుర్తించేవారు చరిత్ర అధ్యాపకులు మాత్రమే.

ఆరవీటి వంశ చరిత్ర ప్రథమ సంపుటం 1614లో వేంకటపతి రాయల మరణంతో ముగిసినది. ఆ వెంటనే జగ్గరాయలు రాజకుటుంబాన్ని హత్య చేయించడం, యాచమనాయకుడు ఒక్క బాలుని కాపాడి రాజ్యం నిలపడం, తోపూరు యుద్ధం, ఇవన్నీ రెండవ సంపుటంలో రావలసినవి. హేరాస్ సింధులోయకు పోయి తిరిగి రాలేదు. రెండవ సంపుటం వెలువడలేదు. ఆ కాలానికి తెలుగు కావ్యాలను, కైఫీయతులను, శాసనాలను వెదకి తీసి, 1946లో మద్రాసు విశ్వవిద్యాలయం తరపున మూడు సంపుటాలుగా ప్రకటించినవారు నీలకంఠశాస్త్రిగారు, నేలటూరి వేంకటరమణయ్యగారు. విజయనగర మూలపురుషుల విషయంలో హేరాస్‌తో విభేదించిన వేంకటరమణయ్యగారే, ఆయన విడిచిన చోటు నుండి కథను ముందుకు నడిపించినారు.